మొక్కలకు నీళ్లు పోయడానికి నాలుగేళ్లా?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతున్నాను. హార్టికల్చర్ (తోట పంటల) యూనివర్సిటీలో బీఎస్సీ చేయాలని నా కోరిక. తాతయ్యది ఆనందపురం దగ్గర పల్లెటూరు. ఎకరంన్నరలో చామంతి, బంతి, కొంచెం కూరగాయలు వేస్తారు. ఐదో తరగతి దాకా నేను అక్కడే ఉండి చదివాను. నాన్న పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పని చేస్తారు. "మొక్కలకు నీళ్లు పోయడానికి నాలుగేళ్లు చదవాలా? మీ తాత ఏం చదివాడని?" అంటారు. అమ్మేమో నీట్‌లో సీటు రాకపోతే ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకోమంటుంది. చదివితే ఇంటికి దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలోనే హార్టికల్చర్ చదవొచ్చు కదా, హాస్టల్ ఎందుకు అని ఇద్దరూ అడుగుతున్నారు. ఈ చదువుకి ఉద్యోగాలు ఉంటాయా? ఆడపిల్ల పొలాల్లో తిరిగే పని చేయగలదా? తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీ నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా. అందులో సగం న్యాయం ఉంది. పంట పండించడం వరకే నేర్చుకోవాలంటే యూనివర్సిటీ అక్కర్లేదు. తాతయ్య వెనకాల రెండు సీజన్లు తిరిగితే చాలు. నాలుగేళ్లు చదివొచ్చిన కుర్రాళ్లలో తాతయ్యంత చురుగ్గా నారు నాటగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే.

మిగతా సగం ఎక్కడుందో తెలియాలంటే ఈసారి ఊరెళ్లినప్పుడు తాతయ్యను ఒక్క మాట అడుగు. చామంతి ఆ ఊళ్లో అందరి తోటలోనూ ఒకేసారి ఎందుకు పూస్తుంది? "చలి పడితే పూస్తుంది" అంటారు. చలికన్నా రాత్రి పొడవు అక్కడ ముఖ్యం. చామంతి రాత్రి ఎంత పొడవుందో లెక్క పెట్టుకునే మొక్క. రాత్రులు పొడవైతేనే మొగ్గ కడుతుంది. అందుకే చలికాలంలో ఊరంతటి పువ్వు ఒకేసారి మార్కెట్ మీద పడుతుంది, రేటు కూలిపోతుంది. శ్రావణ శుక్రవారాలకి, దసరాకి జనం ఎగబడి కొనే రోజుల్లో మాత్రం తాతయ్య దగ్గర పువ్వు ఉండదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, తోటలో రాత్రిపూట కొన్ని గంటలు బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరుపుతారు. పగలు పొడవుగా ఉన్న రోజుల్లో సాయంత్రం నల్లగుడ్డ కప్పి ముందుకు తెస్తారు. కర్ణాటక వైపు చామంతి తోటల్లో రాత్రుళ్లు దీపాలు కనిపించేది దీనికోసమే. ఎన్ని బల్బులు, ఎంత ఎత్తున, ఎన్ని రోజులు, కరెంటు బిల్లు పోను మిగిలేదెంత అని లెక్క కట్టగలగడం చదువు పని. తాతయ్యకు తెలిసింది తక్కువని నేను అనడం లేదు. ఆయనకు తెలిసినదాన్ని నువ్వు చదవబోయేదానితో కలిపితే ఆ ఎకరంన్నర మీద వచ్చే డబ్బు మారుతుంది. నాన్నగారికి ఈ ముక్క చెప్పు.

ఇక ఆ చదువులో ఏముంటుందో చూద్దాం. చేరాక ఏడ్చేవాళ్లు నాకు తెలుసు. బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ అంటే నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. పండ్లు, కూరగాయలు, పూలు, సుగంధ ద్రవ్యాలు, కాఫీ, కొబ్బరి, జీడి లాంటి తోట పంటలు సగం. మిగతా సగంలో నేలల శాస్త్రం, పురుగులు, తెగుళ్లు, జన్యుశాస్త్రం, స్టాటిస్టిక్స్, ఆర్థికశాస్త్రం, కోత తర్వాత సరుకును కాపాడే పద్ధతులు, రైతుతో ఎలా మాట్లాడాలో నేర్పే విస్తరణ విద్య. లెక్కలు తప్పించుకుందామని బైపీసీ తీసుకున్నవాళ్లకు స్టాటిస్టిక్స్ పేపర్ దగ్గర చుక్కలు కనిపిస్తాయి. వారానికి కొన్ని పూటలు ప్రాక్టికల్స్ ఎండలోనే. అంటు కట్టాలి, మడులు చేసుకోవాలి, పురుగుల్ని పట్టి పెట్టెలో గుచ్చి పేర్లు రాయాలి. నాలుగో ఏడాదిలో పల్లెలో ఉండి రైతులతో కలిసి పని చేసే కార్యక్రమం ఒకటి ఉంటుంది. ఇంకొకటి, విద్యార్థులే చిన్న నర్సరీయో, పూలతోటో, పచ్చళ్ల యూనిట్టో వ్యాపారంలా నడిపి లాభంలో వాటా తీసుకునేది. నా లెక్కలో నాలుగేళ్లలో ఎక్కువ పనికొచ్చేవి ఈ రెండే. ఈ రెండింటినీ మార్కుల కోసం దులిపేసుకునేవాళ్లే ఎక్కువ.

బాల్కనీలో కుండీలు పెంచుకోవడం ఇష్టం కాబట్టి ఈ కోర్సులో చేరతామనేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. నీ ఉత్తరంలో తాతయ్య తోట ఉంది కాబట్టి నీకు ఆ మాట చెప్పడం లేదు.

ఎక్కడ చదవాలి అన్నది అసలు ప్రశ్న. నీ ఉత్తరంలో దాన్ని చివర్లో తేల్చేశావు గానీ నేను ఎక్కువ చెప్పాల్సింది అక్కడే.

మన రాష్ట్రంలో దీనికోసమే ఉన్నది డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం. 2007లో పెట్టారు. ప్రధాన కార్యాలయం తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో. అక్కడి కాలేజీ కాకుండా రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో, పార్వతీపురంలో కూడా దీని కాలేజీలున్నాయి. మీకు దగ్గరిది పార్వతీపురం. విజయనగరం, బొబ్బిలి మీదుగా రాయగడ వైపు వెళ్లే రైలు లైన్లోనే ఉంది. శని, ఆదివారాలకు ఇంటికొచ్చి పోవచ్చు. హాస్టల్ అనగానే అమ్మ బెంగపడుతోంది గానీ అది మరీ పరాయి దేశమేమీ కాదు. పైగా ఈ యూనివర్సిటీకి రాష్ట్రమంతా పరిశోధన కేంద్రాలున్నాయి. అంబాజీపేటలో కొబ్బరికి, కొవ్వూరులో అరటికి, నూజివీడులో మామిడికి, బాపట్లలో జీడిమామిడికి. ఆ పంట మీదే ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు అక్కడ దొరుకుతారు. సెలవుల్లో వెళ్లి అడిగితే కసురుకునేవాళ్లు తక్కువ.

సీట్లు ఏపీ ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకు మీద. పరీక్ష రాసినంత మాత్రాన సరిపోదు, వ్యవసాయ, ఉద్యాన కోర్సుల కౌన్సెలింగ్‌కు విడిగా నోటిఫికేషన్ వస్తుంది. మిగతా కౌన్సెలింగ్‌ల గొడవలో పడి ఇది చూసుకోని పిల్లలు ఏటా ఉంటారు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ద్వారా వేరే రాష్ట్రాల వ్యవసాయ యూనివర్సిటీల్లో చేరాలంటే సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. బెంగళూరో, కేరళో వెళ్లి చదవాలని ఉంటే అది దారి.

ఇంటి దగ్గరి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ హార్టికల్చర్ సంగతి. ఈ మధ్య మామూలు డిగ్రీ కాలేజీల్లో కూడా హార్టికల్చర్ మేజర్‌గా పెట్టారు. పేరు ఒకేలా ఉంటుంది కాబట్టి తల్లిదండ్రులకు తేడా తెలియదు. తేడా చాలా ఉంది. ఉద్యాన శాఖ పోస్టులు, ఎమ్మెస్సీ హార్టికల్చర్ సీట్లు, జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్ లాంటివాటికి నోటిఫికేషన్లలో ఎక్కువగా అడిగేది ఐసీఏఆర్ పద్ధతిలో నడిచే నాలుగేళ్ల డిగ్రీనే. మామూలు డిగ్రీ చదివి తర్వాత ఇంకేదైనా చేసుకుందామనుకునేవాళ్లకు అది సరిపోవచ్చు. ఈ రంగంలోనే బతకాలనుకున్న నీకు మాత్రం సరిపోదు. మూడేళ్లు చదివాక ఒక్కో నోటిఫికేషన్ తెరిచి "అర్హత లేదు" అని మూసేయడం కన్నా ఇప్పుడు నాలుగు స్టేషన్ల అవతల హాస్టల్లో ఉండడం మేలు. ప్రైవేటు కాలేజీల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఐసీఏఆర్ గుర్తింపు ఉందా, ఏ ఏడాది దాకా ఉంది, పొలం ఎన్ని ఎకరాలు, పొలం కాలేజీదేనా అద్దెకు తీసుకుందా అని మొహమాటం లేకుండా అడగాలి. బ్రోచర్‌లో పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు కింద పంట పెంచే షెడ్డు) ఫొటో ఉంటే అది వాళ్లదేనా అని కూడా అడగాలి. అప్పు చేసి కట్టే ఫీజు అయితే మరీనూ.

ఉద్యోగాల దగ్గరికొద్దాం. "ఈ డిగ్రీకి ఉద్యోగాలున్నాయా" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నేనైతే పిల్లల్ని ఇంకోలా చూడమంటాను. తోట నుంచి ఇంటిదాకా వచ్చే దారిలో ఎవరికి ఎక్కడ డబ్బు పోతోందో చూడు. డబ్బు పోతున్నవాడే దాన్ని ఆపగలిగినవాడికి జీతం ఇస్తాడు. విశాఖలో ఉన్నావు కాబట్టి ఇవి చూడటానికి నువ్వు ఎక్కడికో పోనక్కర్లేదు.

నాన్నగారి ఆఫీసే చూడు. ఓడలో సరుకు పంపేటప్పుడు కస్టమ్స్ కాగితాలతో పాటు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అని ఒకటి ఉంటుంది. మొక్కల నుంచి వచ్చిన సరుకులో అవతలి దేశానికి హాని చేసే పురుగూ తెగులూ లేవని మన దేశం ఇచ్చే హామీ అది. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం కింద నడుస్తోంది. విశాఖలో ఆ పని చూసేది కేంద్ర ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ స్టేషన్. బయటి నుంచి వచ్చే కలప, పప్పులు, విత్తనాలు కూడా 2003 నాటి క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం తనిఖీ అయ్యాకే బయటికొస్తాయి. సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మ ముద్ర ఉంటుంది, నాన్నగారు రోజూ చూసే ఉంటారు. ఆ చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలపాటు అందేలా వేడి చేశారని, లేదా మందు పొగ పెట్టారని దాని అర్థం. కంటైనర్లో ఒక్క బతికిన పురుగు దొరికితే సరుకు ఆగిపోతుంది, ఆగిన ప్రతి రోజుకీ డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలు వేసేది నాన్నగారి ఆఫీసే. పురుగును చూసి ఇది ఫలానా అని చెప్పగలిగిన మనిషి విలువ ఆయనకు నాకన్నా బాగా తెలుసు. రెండో ఏడాదిలో నువ్వు పెట్టెలో గుచ్చే పురుగుల పాఠం సరిగ్గా అదే.

నగరంలో మొక్కల పని రెండోది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. ఊళ్లో పచ్చదనం ఒక్క రోజులో పోయింది. తురాయి లాంటి పెళుసు చెట్లు కొమ్మలు విరిగి, వేళ్లతో సహా లేచి రోడ్లకడ్డంగా పడ్డాయి. తర్వాత మళ్లీ మొక్కలు నాటారు. ఏ మొక్క ఎక్కడ నాటాలన్నది అప్పుడే తెలిసొచ్చే ప్రశ్న. బీచ్ రోడ్డు పక్కన ఉప్పుగాలికి పొన్న, బాదం, గన్నేరు నిలుస్తాయి. లోపలి కాలనీల్లో వేప, కానుగ బాగుంటాయి. కొండవాలు ఎర్రనేలలో మళ్లీ లెక్క వేరు. కైలాసగిరి, సెంట్రల్ పార్కు లాంటివి నడిపే సంస్థలకు, విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి, ఉక్కునగరం లాంటి టౌన్‌షిప్పులకు ఉద్యాన విభాగాలు ఉండేది దీనికే. పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు స్థలంలో మూడో వంతు దాకా పచ్చని బెల్టు పెంచాలని షరతు పెట్టడం మామూలు. కాగితం మీద బెల్టు, నేల మీద ఎండిన కర్రలు ఉన్న చోట్లు నేను చూశాను. అది సరిచేసే కాంట్రాక్టు పని పెద్దదే. అపార్ట్‌మెంట్లు, రిసార్టులు చెప్పనక్కర్లేదు. అయితే ఇందులో ఉద్యోగం కన్నా సొంత పని ఎక్కువ. మొదటి రెండు మూడేళ్లు బిల్లుల కోసం తిరగాలి.

మూడోది మన్యం. ఈ చుట్టుపక్కల చదివే పిల్లలు ఎక్కువగా పట్టించుకోనిది, నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఇదే. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, అదే చెట్టుకు పాకే మిరియాలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం అదే మన్యంలోని ఆర్వీనగర్‌లో ఉంది. పసుపు, అనాస, అల్లం, రాజ్మా, లంబసింగిలో ఇప్పుడు స్ట్రాబెర్రీ కూడా. 2025లో అరకు వైపు తోటల్లో కాఫీ కాయ తొలిచే పురుగు కనిపించినప్పుడు అధికారులు కాయలు కోయించి, ఉడికించి పాతిపెట్టించాల్సి వచ్చింది. పక్క తోటకు పాకకుండా ఆపడానికి ప్రతి మొక్కా తిరిగి చూడాలి. గిరిజన రైతుకు వాళ్ల మాటలో విషయం చెప్పగలిగి, కాయలో చిన్న రంధ్రం చూసి ఇదే అని గుర్తుపట్టగలిగి, పండు తెంపిన దగ్గర్నుంచి తొక్క తీసి ఆరబెట్టేదాకా నాణ్యత పోకుండా చూడగలిగిన డిగ్రీ పిల్లలు ఆ కొండల్లో చాలరు. బెంగళూరు, చిక్కమగళూరు నుంచి మనుషుల్ని తెచ్చుకుంటారు. విశాఖ పిల్లకు ఇది ఇంటి ముందు పెరడు. వెళ్లడానికే మనసొప్పదు.

నాలుగోది కోత తర్వాత. నేను పని చేసిందీ ఎక్కువగా ఇందులోనే కాబట్టి పక్షపాతం ఉంటే ఉండొచ్చు. మామిడిని కాడతో కోయకపోతే సొన కారి కాయ మీద నల్లమచ్చ పడుతుంది. ఉత్తరాంధ్ర సువర్ణరేఖ అంత అందమైన కాయ కూడా ఆ మచ్చతో సగం రేటుకి పోతుంది. మాగబెట్టడానికి కార్బైడ్ వాడటం నేరం, ఎథిలిన్ గ్యాస్ 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) లోపు వాడొచ్చు. గదిలో వేడి, తేమ, గాలి మార్పిడి సరిగ్గా లేకపోతే ఆ గ్యాస్ పెట్టినా కాయ పైకి ఆకుపచ్చగా ఉండి లోపల మెత్తగా అవుతుంది. అరటిని 13 డిగ్రీల కన్నా చల్లగా పెడితే తొక్క నల్లబడుతుంది. ఫ్రిజ్‌లో ఎంత చల్లగా ఉంటే అంత మంచిది అనుకునే వ్యాపారి ప్రతి సీజన్లో డబ్బు పోగొట్టుకుంటాడు. మాగబెట్టే గదులు, కోల్డ్ స్టోరేజీలు, ఆన్‌లైన్‌లో కూరగాయలు అమ్మే కంపెనీల గోదాములు, సూపర్ మార్కెట్ల కొనుగోలు విభాగాలు ఈ చదువున్నవాళ్లను తీసుకుంటాయి. పని వేళలు దారుణం. తెల్లవారుజామున మూడింటికి లారీ దిగుతుంటే నువ్వక్కడ ఉండాలి. మొదటి జీతం చూసి సాఫ్ట్‌వేర్ చదివిన చుట్టాలబ్బాయితో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. నాలుగేళ్లు గడిచాక సరుకు చూసి రేటు చెప్పగలిగే స్థాయికొస్తే మాత్రం నిన్ను వదులుకోరు.

ప్రభుత్వ ఉద్యోగాల గురించి తక్కువే చెబుతాను, కోచింగ్ సెంటర్లు ఎలాగూ ఎక్కువ చెబుతాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ ఉద్యాన సహాయకుల పోస్టులు ఒకేసారి పెద్ద సంఖ్యలో పడ్డాయి. మొదటి రెండేళ్లు నెలకు 15,000 జీతంతో చేరారు. అలాంటి జోరు మళ్లీ ఎప్పుడొస్తుందో అని కూర్చోకూడదు. ఏపీపీఎస్సీ హార్టికల్చర్ ఆఫీసర్ నోటిఫికేషన్ కూడా ఏటా వచ్చేది కాదు. కాస్త క్రమంగా వచ్చేది బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నిర్వహించే అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష. హార్టికల్చర్ నాలుగేళ్ల డిగ్రీ అందులో అర్హతే, వయసు 20 నుంచి 30. బ్యాంకులో కూర్చున్నా తోటలకు అప్పులిచ్చే పని కాబట్టి చదివింది వృథా కాదు. పరిశోధన మీద మనసుంటే ఎమ్మెస్సీకి ఐసీఏఆర్ ప్రవేశ పరీక్ష, జేఆర్ఎఫ్, తర్వాత పీహెచ్‌డీ, ఏఆర్ఎస్ అనే వ్యవసాయ శాస్త్రవేత్తల ఉద్యోగం. పెదవేగి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ లాంటివి ఆ దారిలో వస్తాయి. అది పదేళ్ల దారి, ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. విత్తనాల కంపెనీలు, డ్రిప్ కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు క్యాంపస్‌కే వస్తాయి. వాటిలో చాలా వరకు బైకు, టార్గెట్, నెలాఖరు. రైతుకు అక్కర్లేని మందు అంటగట్టాల్సిన పరిస్థితి వస్తే ఏం చేస్తావో ముందే అనుకుని చేరు.

సొంత నర్సరీ గురించి నువ్వు అడగలేదు గానీ తాతయ్య భూమి ఉంది కాబట్టి ఒక మాట. ఈ నగరానికి వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి లారీల్లో వస్తున్నాయి. ఇక్కడే నారు, అంట్లు పెంచి అమ్మేవాళ్లకు చోటుంది. నర్సరీకి ఉద్యాన శాఖలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మామిడి అంటు సువర్ణరేఖ అని అమ్మితే అది సువర్ణరేఖో కాదో నాలుగైదేళ్లకు కాపు వస్తే గానీ తెలియదు. అన్నాళ్లూ కొన్నవాడు నీ మాట మీద నీళ్లు పోస్తాడు. అందుకే ఈ వ్యాపారంలో తల్లి చెట్టు ఎక్కడిదో చెప్పగలగడమే పెట్టుబడి. చదువుతున్న నాలుగేళ్లలో మంచి తల్లి చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

ఆడపిల్ల పొలాల్లో తిరగగలదా అన్నావు. ఆనందపురం పూల తోటల్లో తెల్లారకముందే పువ్వు కోసేది ఎవరు? ఉద్యాన కాలేజీల్లో అమ్మాయిలు బోలెడంతమంది. ఉద్యోగంలో ఇబ్బంది ఎండ వల్ల రాదు. ఒంటరిగా బండి మీద దూరం వెళ్లాల్సి రావడం, పల్లెల్లో బాత్రూం లేకపోవడం, "మేడమ్‌కి ఏం తెలుసు" అనే రైతు, ఇవి ఇబ్బందులు. మొదటి రెండూ నిజంగా కష్టమే. సంస్థను ఎంచుకునేటప్పుడు అడిగి చూసుకోవాలి. మూడోది మాత్రం ఒక్క అంటు చకచకా కట్టి చూపిస్తే పోతుంది. బండి నడపడం ఇప్పుడే నేర్చుకో.

అమ్మకు చెప్పాల్సింది ఇంకొకటుంది. నీట్ రాయొద్దని నేను అనను, రాయి. ఎలాగూ బైపీసీ సిలబసే, ఈఏపీసెట్‌కీ అదే చదువు. వచ్చిన ర్యాంకుతో ఎంబీబీఎస్ రాకపోతే ఇష్టం లేని నువ్వు ఒక ఏడాది కూర్చోవడం దండగని నా అభిప్రాయం. ఇష్టం ఉన్నవాళ్లకే లాంగ్ టర్మ్ ఒక జూదం. ఆ డబ్బుతో యూనివర్సిటీ కాలేజీలో చాలా కాలం గడుస్తుంది, ఫీజు ప్రైవేటుతో పోలిస్తే బాగా తక్కువ. ఇష్టపడి చేరిన హార్టికల్చర్ ఒక ఏడాదిలోనే నచ్చకపోతే? కొత్త విద్యావిధానం ప్రకారం మొదటి ఏడాది తర్వాత సర్టిఫికెట్‌తో, రెండో ఏడాది తర్వాత డిప్లొమాతో బయటికొచ్చే వెసులుబాటు ఐసీఏఆర్ కొత్త సిలబస్‌లో పెట్టారు. అది వాడుకోవాల్సి రాకూడదనుకో, అయినా అమ్మకు ధైర్యంగా ఉంటుంది.

ఇప్పటి నుంచి పరీక్షల దాకా చదువు తప్ప ఇంకేం పెట్టుకోవద్దు. పరీక్షలయ్యాక, ఫలితాలు వచ్చేలోపు ఉన్న ఖాళీలో రెండు పనులు చెయ్యి. తాతయ్యతో కలిసి తెల్లవారుజామున ఆనందపురం పూల మార్కెట్‌కి వెళ్లి, కిలో ఎంతకు తెగింది, కమీషన్ ఎంత పోయింది, మిగిలిన పువ్వు ఏమైంది అని ఒక వారం రాసుకో. ఇంకో వారం ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కి వెళ్లి సాయంత్రం చివర్లో ఏమేం పారేస్తున్నారో చూడు. ఆ రెండు వారాల తర్వాత కూడా ఈ చదువు మీద మనసుంటే నిశ్చింతగా చేరు. విసుగొస్తే చెప్పు, ఇంకో దారి ఆలోచిద్దాం.

చివరగా కాగితాలు. ఉద్యాన, వ్యవసాయ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకు విడిగా కోటా ఉంటుంది. అది దొరకాలంటే కుటుంబానికి సాగుభూమి ఉండాలి, మున్సిపాలిటీ కాని ఊళ్లో కొన్నేళ్లు చదివి ఉండాలి. నువ్వు ఐదో తరగతి దాకా పల్లెలో చదివానన్నావు, అది నీకు కలిసి రావచ్చు. చిక్కు ఎక్కడంటే, భూమి తాతయ్య పేరు మీదుంది. తల్లిదండ్రుల పేరు మీద ఉండాలా, తాతల పేరు మీద ఉన్నా చెల్లుతుందా అన్నది నోటిఫికేషన్‌లో ఏ మాటల్లో రాశారో అక్షరం అక్షరం చదవాలి. ఆ స్కూలున్న ఊరు తర్వాత నగరంలో కలిసిందా అన్నది కూడా చూసుకోవాలి, విశాఖ చుట్టూ హద్దులు మారుతూనే ఉన్నాయి. పాత స్కూలు నుంచి ఒకటి నుంచి ఐదు వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకో. హెడ్మాస్టర్ మారిపోతే రిజిస్టర్ వెతకడానికి నెల పడుతుంది. తాతయ్య పాస్‌బుక్, భూమి రికార్డు వన్‌బీ నకలు తీసి పెట్టండి. తహసీల్దార్ ఆఫీసులో కౌన్సెలింగ్ ముందు వారం ఎంత రద్దీ ఉంటుందో నాన్నగారికి చెప్పనక్కర్లేదు, కాగితాల పని ఆయనకు అలవాటే. ఆ బాధ్యత ఆయనకే అప్పజెప్పు.